పోతామన్నవాళ్లను ఆపే ఉద్యోగం

ఆ రోజుల్లో ఇంట్లో ఫోన్ ఉండడం గొప్ప కాదు, దాని బిల్లు తగ్గించుకోవడం గొప్ప. హఫీజ్‌పేట్ స్టేషన్ బయట, ఆఫీసు బస్సులు ఆగే చోట, చివరికి కూరగాయల బండి పక్కన కూడా ఎవరో ఒకరు రంగు గొడుగు వేసుకుని నిలబడి, "మేడం, ల్యాండ్‌లైన్ ఆఫర్" అంటూ కరపత్రం చేతిలో పెట్టేవారు. మనుషులు మనుషులతో మాట్లాడుకోవడానికి అంత బేరమాడవలసి వచ్చిందా అని ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ ఆ బేరాల విద్యలో నన్ను మించినవాళ్లు లేరని అప్పట్లో నా నమ్మకం. ఆ నమ్మకానికి నా మొదటి ఉద్యోగమే కారణం.

హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటర్. సముద్రాల అవతలి వాళ్ల ఇళ్లలో ఉన్న ఫోన్లకు ఇక్కడ మేం జవాబుదారీ. అందులో నాకిచ్చిన పని, "మీ ఫోన్ మాకొద్దు, తీసేయండి" అన్నవాళ్లను ఆపడం. దానికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు. ముందు బాధపడాలి. తర్వాత "ఇన్నేళ్లుగా మాతో ఉన్నారు, వెళ్లిపోవద్దు" అనాలి. ఆపైన కాసేపు మాట్లాడకుండా ఊరుకోవాలి (కిటుకంతా ఈ ఊరుకోవడంలోనే ఉందని మా టీం లీడర్ అనేవాడు). అప్పటికీ మెత్తబడకపోతే దాచిపెట్టిన ఆఫర్ బయటికి తీయాలి. పోతానన్నవాళ్లకు సగం ధరకే లైను, పైగా కాల్స్ ఉచితం! నోరు మెదపకుండా బిల్లు కట్టుకునేవాళ్లకు మాత్రం ఏమీ లేదు. ఓహో, లోకం నడిచే తీరు ఇదన్నమాట అని ఆ చిన్న వయసులోనే నాకు జ్ఞానోదయమైపోయింది.

మాది కడప వైపు. నాన్న ఇళ్ల స్థలాల వ్యాపారం కోసం మదీనాగూడ వచ్చి స్థిరపడ్డాడు. మాతోపాటు జేజి కూడా వచ్చింది (నాయనమ్మను మేం అలాగే అంటాం). మా జేజికి ఈ ఊళ్లో ఉన్న సుఖం ఒక్కటే, హాల్లో స్టూలు మీద ఉన్న నల్ల ఫోన్. దీపాలు పెట్టే వేళకు జమ్మలమడుగులో ఉన్న చెల్లెలికి, అంటే మా చిన్నజేజికి ఫోన్ చేసేది. చేసి పోట్లాడేది. చిన్నప్పుడు ఎవరి జడకుచ్చులు ఎవరు పోగొట్టారన్న విచారణ వాళ్ల మధ్య ఇంకా నడుస్తూనే ఉండేది. ఏ రోజైనా పోట్లాట సరిగ్గా కుదరకపోతే జేజికి ఆ రాత్రి అన్నం సయించేది కాదు. జేజి చేయడం ఆలస్యమైతే చిన్నజేజే చేసేది. ఆమెకు చదువు రాదు, మా నంబరు ఆమె వేళ్లకు వచ్చు.

ఒక నెల బిల్లు చూసి నాన్న అరిచాడు. "ఇంగ నా వల్ల కాదమ్మా. ఈ ఫోన్ తీసేపిచ్చేస్తాండా." జేజి చెంగుతో రిసీవర్ తుడిచి మళ్లీ దాని చోట పెట్టింది. నేను వెంటనే రంగంలోకి దిగాను. "నాకిడ్సిపెట్టు నాన్నా. సగం బిల్లుకు తెప్పిస్తా. ఫ్రీ కాల్స్ గూడా ఇప్పిస్తా. ఎట్ల అడగాల్నో నాకు తెల్సు."

మా ఫోన్ కంపెనీ ఆఫీసు మదీనాగూడలోనే ఉండేది. అక్కడ కౌంటర్లో కళ్లజోడు నుదుటిమీదికి నెట్టుకున్న ఒక పెద్దాయన టీ తాగుతున్నాడు. నేను మా కస్టమర్లు ఎలా నిట్టూరుస్తారో అలాగే నిట్టూర్చి, "మా ల్యాండ్‌లైన్ తీసేయించుకోవాలని అనుకుంటున్నామండీ" అన్నాను.

"బంద్ జేస్తరా? మంచిదమ్మా. గీడ సంతకం పెట్టుండ్రి."

నేను శిక్షణ ప్రకారం ఊరుకున్నాను. ఆయనా ఊరుకున్నాడు, టీ తాగుతూ. కొంచెం మాట అందిద్దామని, "చాలా ఏళ్లుగా మీతోనే ఉన్నాం" అన్నాను.

"అవునమ్మా, శాన దినాలైంది. ఇప్పుడందరి తాన సెల్లులున్నయి గద, ఇగ ఇదెందుకు?"

"వేరే కంపెనీ వాళ్లు మంచి ఆఫర్ ఇస్తామంటున్నారు" అని ఆఖరి అస్త్రం వదిలాను.

ఆయన కప్పు కింద పెట్టి ముందుకు వంగాడు. హమ్మయ్య అనుకున్నాను. "గట్లనా? ఏ కంపెనీ? మా బామ్మర్ది గూడ సస్తాది ఏమన్న ఉంటె చెప్పమంటున్నడు. జర చెప్పుండ్రి" అన్నాడు. తర్వాత సంతోషంగా, "మీ గల్లీల లైన్ కావాల్నని మస్తు మంది తిరుగుతున్నరు. కేబుల్ల జాగ లేదు. మీరిడిస్తె ఒకల్ల పనైతది. దేవుని లెక్క వచ్చిన్రు" అన్నాడు.

దేవుడి లెక్క వచ్చినదాన్ని, అబద్ధమాడానని ఎలా చెప్పను? సంతకం పెట్టాను. "వద్దమ్మా, ఉండండి" అంటాడేమోనని చివరి అక్షరం దగ్గర కూడా కాసేపు ఆగాను. ఆయన మాత్రం కాగితానికి వేయవలసిన ముద్ర కోసం సొరుగులో వెతుక్కుంటున్నాడు.

ఇంట్లో మాత్రం "పాతది వదిలితేనే మంచి ఆఫర్ దొరుకుతుంది" అని గంభీరంగా ప్రకటించాను. రెండు రోజులకు లైను పోయింది. ఆ సాయంత్రం జేజి రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విని, "పాపా, దీంట్లో గుయ్యిమనే సద్దు గూడా లేదేంది మే?" అంది. నాన్న సెల్లు ఇస్తే వద్దంది. ఇంత చిన్నదాంట్లో తన చెల్లెలి గొంతు పట్టదంది. నిజానికి ఆమెకు సెల్లు చెవి దగ్గర పెడితే మాట వినబడేది కాదు. మర్నాడూ, ఆ మర్నాడూ దీపాలు పెట్టగానే వచ్చి ఆ స్టూలు పక్కనే కూర్చునేది. తిట్టినా బాగుండేది. ఆఫీసులో నేను పరాయి దేశపు ముసలమ్మలను "వెళ్లిపోవద్దు" అని బతిమాలుతుంటే ఇంట్లో మా ముసలమ్మ మూగఫోన్ పక్కన కూర్చుని ఉండేది. ఆ రోజుల్లో నాకు నా గొంతు మీదే విసుగు పుట్టింది.

ఇక మొదలైంది వేట. దారిలో కనిపించిన ప్రతి గొడుగు కిందికీ వెళ్లాను. ఒకరు అన్ని కాల్సూ ఉచితమన్నారు, అయితే రాత్రి పదకొండు దాటాక (జేజి ఎనిమిదింటికే గుర్రు పెడుతుంది). ఇంకొకరు ఎంతసేపైనా మాట్లాడుకోండన్నారు, అవతలి వాళ్లదీ తమ కంపెనీ లైనే అయితే (జమ్మలమడుగు ఎక్కడుందో కూడా వాళ్లకు తెలియదు). గచ్చిబౌలిలో ఒకతను ఇంటర్నెట్ తీసుకుంటే ఫోన్ ఉచితమన్నాడు, తీరా ఆ ఫోన్‌కు కాల్స్ వస్తాయి గానీ దాన్నుంచి పోవు. "ఫికర్ చేయకుండ్రి మేడం, వాళ్లనే చేయమనుండ్రి" అన్నాడు. కరపత్రాల అడుగున చీమల్లా ఉండే అక్షరాలన్నీ చదివి, పట్టువదలకుండా తిరిగి, చివరికి సాధించాను: ఏ ఊరికైనా, ఏ ఫోనుకైనా, ఏ వేళలోనైనా ఎంతసేపైనా. అద్దె పాత బిల్లులో సగం కూడా లేదు. నాన్న నన్ను చూసి తలాడించాడు. నేను ఆ వారమంతా నేలమీద నడవలేదు.

కొత్త ఫోన్ స్టూలెక్కింది. దీపాలు పెట్టగానే జేజి చెల్లెలికి చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. మర్నాడూ అంతే. "ఎవురితో మాట్లాడతాంది ఇది? నేను లేకపాయనే గదా" అని జేజి ముఖం చిన్నబుచ్చుకుంది. నాలుగో రోజు నాన్న చిన్నజేజి కొడుక్కి సెల్లులో చేసి, మొదటిరోజే కొత్త నంబరు ఇచ్చాం కదా అని గుర్తుచేసి, మీ అమ్మ ఎవరితో మాట్లాడుతోందని అడిగితే అతను, "అదేందన్నా, దినామూ మీ ఇంటికే గదా చేస్తాండేది! కొత్త నంబరు చెప్తే వద్దు, నాకు పాతదే వచ్చు అనింది" అన్నాడు.

అంటే మా పాత నంబరు ఇప్పుడు ఇంకెవరికో ఇచ్చారన్నమాట. చిన్నజేజి ఫోన్ చేసే వేళ కాకముందే, మా పాత నంబరుకు నేనే చేశాను. ఒక్క రింగుకే అందుకున్నారు. "అక్కా, ఇయ్యాల జల్ది జేసినవ్?" అంది ఒక పెద్దావిడ గొంతు. నేనెవరో చెప్పాను. "ఓ, నువ్వు ఆమె మనుమరాలివా బిడ్డా? మాదీ మీ యెనక గల్లీనే. మొదటి దినం తప్పు నంబరమ్మా అన్న. మరి మా అక్క యాడ బోయింది అని ఏడ్వబట్టింది. పెట్టేస్త అన్నది. నేనే, ఉండక్కా, పెట్టకు, జర సేపు మాట్లాడు అన్న. ఇంట్ల అందరు ఆఫీసులకు వోతరు. నేను, గీ కొత్త ఫోను. ఇద్దరమే ఉంటం."

ఫోన్ పెట్టేశాను. "ఉండు, పోవద్దు." ఆ ఒక్క మాట అనడానికి నాకు శిక్షణ ఇచ్చి, కాగితం మీద రాసిచ్చి, జీతం కూడా ఇస్తున్నారు. ఆ పెద్దమ్మకు ఎవరూ నేర్పలేదు. ఆపితే ఆమెకు ఒరిగేదీ లేదు. నా ప్రతిభంతా ఉపయోగించి ఇంట్లోంచి పోగొట్టిన మాటను, ఆమె వెనక గల్లీలో పట్టి ఉంచింది.

సంగతి విన్న జేజి మంచి చీర కట్టుకుంది. "పద మే. నా నంబరు బెట్టుకోని నా చెల్లెలితో మాట్లాడే ఆమె ఎవురో చూస్తా" అంది. నేను గొడవ తప్పదనుకుంటూ వెంట నడిచాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిన సందులో, ఒకప్పటి మదీనాగూడ ఊరి ఇల్లు. ఆ పెద్దమ్మ తలుపు తీసి, జేజిని కిందినుంచి పైదాకా చూసి, "జడకుచ్చులు పోగొట్టినామె నువ్వేనా?" అంది. జేజి గుమ్మంలోనే ఆగిపోయి, "నేను కాదు, అదే పోగొట్టింది" అంది. అప్పుడే లోపల ఫోన్ మోగింది. జేజి పరుగులాంటి నడకతో వెళ్లి తానే ఎత్తింది. అవతలినుంచి చిన్నజేజి ఏడుపు వాకిట్లో ఉన్న నాకు కూడా వినిపించింది. ఏడుపు అయ్యాక పోట్లాట మొదలైంది. పెద్దమ్మ మధ్యలో రిసీవర్ లాక్కుని తీర్పులు చెప్పింది.

ఆ తర్వాత జేజి రోజూ సాయంత్రం అక్కడికే వెళ్లేది. "ఇంట్లో ఎంతసేపైనా ఫ్రీ జేజీ, ఎందుకు నడిచి పోవడం?" అని మొత్తుకుంటే, "నా నంబరు ఆడుండాది. నా నంబరు కాడికి నేను పోతాండా" అనేది. నా జీవితంలో నేను సాధించిన అత్యుత్తమ ఆఫర్ మా హాల్లో అలా ఊరికే కూర్చునేది. నాన్న అప్పుడప్పుడు దానివైపు చూసి నావైపు చూసేవాడు.

జేజి, చిన్నజేజి ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయి చాలాకాలమైంది, అందులోనూ పోటీపడినట్టు. పెద్దమ్మను కొడుకులు ఊరవతల కొత్త ఇంటికి తీసుకెళ్లారు. ఆ ఉచిత ఫోన్ మాత్రం ఇల్లు మారినప్పుడల్లా నాతో వస్తూ ఇప్పుడు గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఉంది. మొన్న దులుపుతుంటే ఇక ఇదెందుకు అనిపించి, తీసేయమని కంపెనీకి ఫోన్ చేశాను. అవతల ఒక చిన్నపిల్ల గొంతు. ముందు బాధపడింది. తర్వాత, "ఇన్నేళ్లుగా మాతో ఉన్నారు మేడం, వెళ్లిపోవద్దు" అంది. ఆ పైన, సరిగ్గా మాకు నేర్పినట్టే, ఊరుకుంది. తర్వాతి వాక్యం ఏమిటో, దాని వెనక దాచిన ఆఫర్ ఏమిటో కూడా నాకు తెలుసు. అది బయటికి రాకముందే నేను "సరేనమ్మా, ఉంచేయండి" అన్నాను.

ఆ పిల్ల తడబడింది. ఇలాంటి కస్టమర్ గురించి శిక్షణలో చెప్పి ఉండరు. కాసేపటికి తేరుకుని, "ఇంకేమైనా సహాయం కావాలా మేడం?" అంది. పెట్టకు తల్లీ, జర సేపు మాట్లాడు అందామని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె లైన్లో ఇంకా ఎంతమంది ఎదురుచూస్తుంటారో నాకు తెలుసు కదా. "ఏమీ లేదమ్మా" అని నవ్వి పెట్టేశాను.