ప్లగ్గులో గంజి దారం

ఇన్నేళ్లూ గొంతులో ఇరుక్కున్న ముద్ద ఇది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. సాయంత్రమైతే ఇరుగుపొరుగు ఆడవాళ్లు మా పంచలో కూర్చుని నాచేత కథలు చెప్పించుకుంటారు. ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో కూడా నాకు గుర్తే. ఇదొక్కటీ చెప్పలేదు. ఇది చదివే నీకోసం, నువ్వెవరైనా సరే, అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను.

పొదటూరుపేటలో మాది మగ్గాల ఇల్లు. అన్నకు ట్రాక్టర్ ఉండేది. వెనక ట్రైలర్ దీపాలకు కరెంటు పోయే ప్లగ్గు గతుకుల్లో ఊడిపోతుంటే, వైరింగు పని చేసే మణి కొత్తది వేశాడు. అదీ కొంచెం వదులే. ఆ రోజు నేను వీధిలో పడుగు నూలు చాపి గంజి పెడుతున్నాను. పీట కాలైనా, కొడవలి పిడైనా, ఏది వదులైనా దారం చుట్టేయడం మా ఇళ్ల అలవాటు. చేతిలో ఉన్న గంజి దారాన్నే ప్లగ్గు పిన్నుల మొదట్లో చుట్టి నొక్కాను. బిగిసింది. చెప్పుకునేంత పనా అది?

వానలు పడ్డాయి. ఒక మునిమాపు అన్న తిరుత్తణి నుంచి వస్తుంటే ట్రైలర్ దీపాలు వెలగలేదు. వెనక మోపెడ్ మీద వస్తున్న పూలబేరగాడు గుద్దుకున్నాడు. కాలు విరిగింది.

మరునాడు అన్న మణిని పిలిపించాడు. మణి టెస్టు బల్బు పెట్టాడు. ట్రాక్టర్ వైపు వెలిగింది, ట్రైలర్ వైపు వెలగలేదు. ప్లగ్గు విప్పితే పిన్నుల నిండా పచ్చటి చిలుము. అందులోంచి వాన నీళ్లు పీల్చిన దారం లాగాడు.

"ఈడి దాకా కరెంటు వస్తా ఉంది. దీంట్లోనే పోయింది. ఎవురన్నా దారం పెట్టినారా అక్కా?"

"నాకేం తెలుసు మణీ? బండి కాడ నాకేం పని?"

"పని చెడగొట్టి మా చెల్లెల్ని అడుగుతావేందిరా?" అన్నాడు అన్న. "ఇంక ఈ వీధిలో కనబడొద్దు."

మణి నా వేళ్ల వంక చూశాడు. గోళ్ల సందుల్లో ఆరిన గంజి. "సరి అక్కా" అన్నాడు. దారం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఊళ్లో ఎవరూ అతనికి పనివ్వలేదు. తిరువళ్ళూరు చేరాడు. ఒకసారి పోయి అతని షెడ్డు ఎదుట నిలబడ్డాను. బండి కింద దూరి ఉన్నాడు, కాళ్లే కనబడ్డాయి. పిలవలేదు. దేనికి భయపడ్డాను? అన్న కోపానికా, వీధి మాటకా? కాదేమో. మళ్లీ "అక్కా" అంటాడేమోనని.

అన్న పోయాడు. కోప్పడేవాళ్లు కూడా లేరిప్పుడు. కథలు విన్నవాళ్లు దీపాల వేళకు లేచి ఇళ్లకు వెళ్తారు. నిన్న ఖాళీ ఇంట్లో గట్టిగా అని చూశాను: ఆ దారం నాది. చుట్టింది నేనే. మణి పనిలో తప్పు లేదు.

ఎవరూ వినలేదు. అయినా ఆ రాత్రి అన్నం గొంతు దిగింది.