మూడోసారి అడగని ఆవిడ

ఆర్విడ్ టోస్ట్రుడ్ జన్మలో ఏదీ మొదటిసారి అడిగినప్పుడు పుచ్చుకోలేదు. పశ్చిమ మినెసోటాలోని ఆ చిన్న ఊళ్ళో అందరూ అంతే. కాఫీ ఇవ్వబోతే "వద్దులెండి, శ్రమెందుకు" అనాలి. రెండోసారి అడిగితే "ఇప్పుడే తాగొచ్చాను" అనాలి. మూడోసారికి "సరే, అరకప్పు చాలు" అని నిండు కప్పు తాగాలి. నార్వే నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాతలు పెట్టెల్లో ఇంకేం తెచ్చారో గానీ ఈ మొహమాటాన్ని మాత్రం చిరుగు పడకుండా తెచ్చారు.

ధాన్యం గోదాములో పనిచేసే రోజుల్లో, షికాగో నుంచి వచ్చిన కొత్త యజమాని అతన్ని పిలిచి మేనేజరుగా ఉంటావా అని అడిగాడు. "నాకెందుకులెండి, ఇంకెవరైనా ఉంటారు" అన్నాడు ఆర్విడ్, రెండో పిలుపు కోసం చెవులు రిక్కించుకుని. షికాగో మనిషి "అలాగే" అని ఇంకెవరినో చూసుకున్నాడు. ఆ ఇంకెవరి కిందనే ఆర్విడ్ రిటైరయ్యేదాకా పనిచేశాడు. తన వీడ్కోలు విందులో బంగాళాదుంపలు కూడా తనే వడ్డించాడు.

భార్య లవోన్ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మాత్రం ఇబ్బంది లేకపోయింది. ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. "కేకు ముక్క తింటావా తింటావా తింటావా" అని ఒక్క ఊపిరిలో అడిగేసి పళ్ళెం ముందు పెట్టేసేది. ఆవిడ పోయాక అలా అడిగేవాళ్ళు లేక ఆర్విడ్ బాగా చిక్కిపోయాడు. డాక్టరు బరువు చూసి మెచ్చుకుని, ఇక రోజూ నడవమన్నాడు.

ఆ దేశపు చలికాలంలో బయట నడిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకడతాయి. అందుకని ముసలాళ్ళందరూ కమ్యూనిటీ కాలేజీవాళ్ళ బహుళ క్రీడా ప్రాంగణానికి చేరతారు. ఊళ్ళో దాన్ని 'మల్టీ' అంటారు. పేరు ఊరికే పెట్టలేదు. కాలేజీ పిల్లల బాస్కెట్‌బాల్, డిగ్రీ పట్టాల పండగ, రక్తదానం, ట్రాక్టర్ల ప్రదర్శన, ఓట్లు వేయడం, చర్చి నేలమాళిగలోకి నీళ్ళొచ్చిన ఏడాది రెండు చావు భోజనాలు, అన్నీ ఆ చెక్కనేల మీదే జరిగాయి. కాలేజీ లైబ్రరీలో పైకప్పు కారితే కింద బకెట్ పెట్టారు. మల్టీలో స్కోరు పలక మసకబారితే వారంలో కొత్తది వచ్చింది. ఎవరూ తప్పు పట్టలేదు. బకెట్ చూడటానికి ఎవరొస్తారు?

మల్టీలో ఆటస్థలం చుట్టూ, మేడ ఎత్తున, కమ్మీలున్న నడక బాట ఒకటుంది. లోపలి వరసలో నిదానంగా నడిచేవాళ్ళు, బయటి వరసలో జోరుగా నడిచేవాళ్ళు. ఆర్విడ్‌ది బయటి వరస. లోపలి వరసలో ఫిలమీనా రూసో నడిచేది. న్యూజెర్సీ మనిషి. కాలేజీలో నర్సింగు చెప్పే కూతురికి దగ్గరగా ఉండాలని వచ్చింది. నోటికి కంచె లేదు. మొదటి రోజే అతన్ని 'నువ్వు' అంది. అతను మాత్రం 'మీరు' దగ్గరే ఆగిపోయాడు.

వాళ్ళ మాటలు చుట్లలెక్కన సాగేవి. ఆర్విడ్ ఆవిడని దాటేటప్పుడు ఒక మాట అనేవాడు. జవాబు వినడానికి ఇంకో చుట్టు తిరిగి రావాలి.

"మంచు పడేలా ఉంది" అనేవాడు.

చుట్టు తిరిగొచ్చేసరికి ఆవిడ సిద్ధంగా ఉండేది. "నిన్నటినుంచీ పడుతూనే ఉంది. కిటికీలు లేవా మీ ఇంట్లో?"

ఇంకో చుట్టు ఆలోచించి, "ఉన్నాయి" అనేవాడు.

"కాస్త మెల్లగా నడిస్తే ఒకేసారి మాట్లాడుకోవచ్చు కదయ్యా" అని ఆవిడ ఓసారి అంది. ఒక్కసారే అంది కాబట్టి ఆర్విడ్ జోరు తగ్గించలేదు. కానీ పొద్దున్నే నిద్రలేవడానికి అతనికి అంతకంటే మంచి కారణం ఇంకోటి లేదు. అందుకోసం గడ్డం రోజూ గీసుకుంటున్నాడు.

జనవరిలో కింద పికిల్‌బాల్ పోటీలు పెట్టారు. పేరులో ఊరగాయ ఉంది గానీ ఆటలో కారమూ లేదు, ఉప్పూ లేదు. చిల్లుల బంతిని చెక్కబ్యాటుతో టక్కు టక్కుమని కొట్టుకోవడమే. ఫిలమీనా కమ్మీ దగ్గర ఆగి కిందకి చూసి, ఆర్విడ్ వచ్చేదాకా నిలబడింది.

"జంటల పోటీలో చేరుతున్నా. రేపటినుంచి పొద్దున్నంతా కిందే ఉంటా, నడకకి రాను. నాతో ఆడతావా?"

ఆర్విడ్ గుండె బంతికంటే గట్టిగా కొట్టుకుంది. నోరు మాత్రం తనకి తెలిసిన దారినే పోయింది.

"అబ్బే, నాకెందుకులెండి. నాకంటే బాగా ఆడేవాళ్ళు దొరుకుతారు."

"సరే" అంది ఆవిడ. అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆర్విడ్ ఆ చుట్టు పూర్తి చేసి మెట్ల దగ్గర ఆగాడు. ఆవిడ మళ్ళీ పైకి వస్తుందని బూటుతాడు విప్పి కట్టాడు. రాలేదు. మర్నాడు కమ్మీ మీంచి చూస్తే ఫిలమీనా పక్కన అతని చిన్ననాటి స్నేహితుడు మిల్టన్ క్వామ్, మోకాళ్ళకి పట్టీలు బిగించుకుని గంతులేస్తున్నాడు.

బూట్లు మార్చుకునే బల్ల దగ్గర మిల్టన్‌ని పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు అడిగిందిరా నిన్ను?"

"ఒక్కసారే."

"ఒక్కసారికే సరేనన్నావా?"

"అన్నానురా."

"సిగ్గులేదూ? మీ నాన్న ఉంటే ఏమనేవాడు?"

"మా నాన్న చర్చి విందులో మూడో పిలుపు కోసం కూర్చుని, మాంసం అయిపోతే ఉత్త రొట్టె తినొచ్చాడు. నాకా భయం ఎప్పటినుంచో ఉంది" అన్నాడు మిల్టన్, పట్టీ సర్దుకుంటూ. "నీకు అంత కావాలనుంటే ఆవిడతో చెప్పు. నాతో ఏం?"

"చెప్పాను కదా."

"ఏం చెప్పావు?"

"వద్దని."

మిల్టన్ నవ్వలేదు. ఆ ఊళ్ళో అది దయ కిందే లెక్క.

కొన్నాళ్ళు ఆర్విడ్ ఒంటరిగా చుట్లు కొట్టాడు. వాతావరణం గురించి చెప్పడానికి ఎవరూ లేక, మంచు అతనికి తెలియకుండానే పడి ఆగింది. ఒక పొద్దున బాట మధ్యలో నిలిచిపోయాడు. వెనక నడిచేవాళ్ళు పక్కకి తప్పుకుంటూ పోయారు. అతను మెట్లు దిగి, రంగురంగుల గీతలన్నీ దాటుకుంటూ వెళ్ళి వల పక్కన నిలబడ్డాడు.

"ఫిలమీనా, నాకు మీతో ఆడాలని ఉంది."

"ఇప్పుడా చెప్పేది? మిల్టన్‌కి మాటిచ్చాను. కుదరదు."

ఆర్విడ్ కదల్లేదు. "నాకు మీతో ఆడాలని ఉంది."

"కుదరదన్నాను కదా."

"మీతో ఆడాలని ఉంది."

"నీకేమైనా చెవుడా?"

"మా దగ్గర మూడుసార్లు అడగాలి. మొదటి రెండూ లెక్కలోకి రావు."

ఆవిడ మిల్టన్‌కేసి చూసింది. మిల్టన్ తలూపాడు. "నిజమేనమ్మా. నేనే కులం తప్పాను."

"అయితే ఆ రోజు నువ్వు వద్దన్నది..."

"వద్దని కాదు."

"మరి?"

"ఊఁ అనే."

"ఊఁ అయితే ఊఁ అనొచ్చుగా."

"రాదు" అన్నాడు ఆర్విడ్. చెవులు ఎర్రబడ్డాయి.

ఫిలమీనా బ్యాటుతో తొడ మీద తట్టుకుంటూ ఆలోచించింది. "చూడు, మాటిచ్చినవాణ్ణి మధ్యలో దింపను. నువ్వు రోజంతా అడిగినా ఇది కుదరదంటే కుదరదు."

ఆర్విడ్ అర్థమైందన్నట్టు తల వంచాడు. వెళ్ళడానికి తిరిగాడు.

"ఆగు. ఆదివారం మా ఇంట్లో టమాటా పులుసులో మాంసం ఉండలు చేస్తున్నా. భోజనానికి వస్తావా? ముందే చెప్తున్నా, నేను ఒక్కసారే అడుగుతాను."

"శ్రమెందుకు" అన్న మాట అతని గొంతులో సగందాకా వచ్చింది. నాలుగు తరాలు దాన్ని కిందనుంచి తోస్తున్నాయి. పక్క కోర్టులవాళ్ళు కూడా ఆట ఆపి చూస్తున్నారు. ఆర్విడ్ ఆ మాటని గుటక వేసి మింగాడు.

"వస్తాను" అన్నాడు.

కావలసినదానికంటే గట్టిగా వచ్చింది. మల్టీ గోడలు దాన్ని ఇంకోసారి అన్నాయి. ఆర్విడ్ అటూ ఇటూ చూశాడు. పైకప్పు కూలలేదు. ఎవరూ తనని ఆశపోతు అనలేదు. ఆవిడ మామూలుగా, "పన్నెండింటికి రా, ఆలస్యం చేస్తే చల్లారిపోతుంది" అంది. తర్వాత తన జోడీ వైపు తిరిగింది. "మిల్టన్, నువ్వూ వస్తావా?"

ఆటకి మొదటి పిలుపుకే ఎగిరి దూకిన మిల్టన్‌కి భోజనం మాట వచ్చేసరికి అమ్మ పెంపకం అడ్డం వచ్చింది. "అబ్బే, నాకెందుకులేమ్మా. మీకు శ్రమ" అన్నాడు.

"సరే" అని ఫిలమీనా బంతి కొట్టింది. అది నోరు తెరుచుకుని నిలబడ్డ మిల్టన్ పక్కనుంచి పోయింది.