వెనక్కి చూడు నాయనా!

మా మామగారికి కత్తి యుద్ధాల సినిమాలంటే ప్రాణం. ఆ రోజుల్లో ఈ మాట వీధిలో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నేను వేలూరులో పెరిగి, నాలుగు ముక్కలు చదువుకుని, గుడియాత్తం మగ్గాల వీధికి కోడలిగా వచ్చాను. స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్లయింది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. సరిహద్దు ఎక్కడ గీస్తారన్నదే నలుగురు కూడిన చోటల్లా మాట. పరదరామి దాటితే ఆంధ్ర, మేమేమో ఇవతల, తమిళం వైపు. మా తాలూకా కూడా అటే చేరాలని మామగారు మగ్గం మూలపడేసి ఊళ్లు తిరిగేవారు. ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తెలుగు ఉపన్యాసాన్ని తమిళ అక్షరాల్లో రాసుకుని చదివేవారు. అయినా ఆయన గొంతెత్తితే జనం కదలకుండా వినేవారు. నాకు ఒళ్లు పులకరించేది.

ఒకనాడు బజారు మీటింగులో వేడెక్కిపోయి, అరచేతిలో కర్పూరం వెలిగించి, దాన్ని ఆర్పి ఒట్టు పెట్టుకున్నారు. మా తాలూకా ఆంధ్రలో చేరేదాకా అరవ సినిమా చూడనని. మా వైపు కర్పూరం ఆర్పి చెప్పిన మాటంటే ఆషామాషీ కాదు. కోర్టులో తేలని తగవులు కూడా దాంతో తేలిపోతాయి. ఇంటికొచ్చి అదే చట్టం మా నెత్తిన కూడా పెట్టారు.

"ఇంక ఈ ఇంట్లో ఎవురూ టెంటు దిక్కు పోకూడదు" అన్నారు. అత్తమ్మ బుద్ధిగా తల ఊపింది.

తెలుగు సినిమా చూడాలంటే చిత్తూరు పోవాలి. అరవ సినిమాలాడే టెంటు మాత్రం మా వీధి చివరే. సాయంత్రం మైకులో దేవుడి పాట మోగిందంటే టికెట్లు ఇస్తున్నారని గుర్తు. ఆ పాట చెవిన పడితే అత్తమ్మకు కాలు నిలిచేది కాదు. "ఏమ్మే, గుడికి పోయొస్తాం రా" అని మామగారికి వినపడేలా అనేది. నాకేమో చదువుకున్నదాన్నన్న బింకం. మాంత్రికుడూ, రాజకుమారీ, కోటగోడ దూకే వీరుడూ, ఇదంతా చిన్నపిల్లల వ్యవహారమని నలుగురిలో మూతి తిప్పేదాన్ని. తీరా బయల్దేరేటప్పుడు అత్తమ్మ కన్నా ముందు నేనే గుమ్మం దిగేదాన్ని.

టెంటులో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య నడుమెత్తు మట్టిగోడ. అందరం ఇసుకలోనే కూర్చోవాలి. రీలు మార్చేటప్పుడు దీపం వేస్తే ఇద్దరం కొంగు కప్పుకుని తల దించుకునేవాళ్లం.

నేను వెళ్లిన మొదటిసారే దొంగ దొరికిపోయాడు. తెర మీద వీరుడు ఇద్దరితో పోరాడుతున్నాడు. మూడోవాడు స్తంభం చాటు నుంచి కత్తి ఎత్తుకుని వస్తున్నాడు. మగవాళ్ల వైపు నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"వెనక్కి చూడు నాయనా! వెనకాల వస్తా ఉండాడు!"

తమిళ వీరుడికి తెలుగులో హెచ్చరిక! బజారు మీటింగుల్లో నన్ను పులకరింపజేసిన గొంతే. కమిటీ మీటింగని ఇంట్లో చెప్పి వచ్చిన మనిషి! టెంటంతా నవ్వింది. ఆ నవ్వు చూస్తే వాళ్లకు ఇది కొత్త కాదని తెలిసిపోయింది.

నేను బిగుసుకుపోయాను. అత్తమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. "నాకెప్పుడో తెలుసమ్మే. ఆ యప్పకు ఇంకేం సంతోషం ఉండాది? చూడనీలే" అంది.

ఆయన కన్నా ముందు ఇల్లు చేరాలి కదా, అందుకని ఆట అయిపోకముందే నన్ను లాక్కొచ్చేది. ఆయన వచ్చేసరికి పొయ్యి ముందు కూర్చుని, "మీటింగు బాగా జరిగిందా?" అని అడిగేది. "బ్రహ్మాండం!" అనేవారు. నిజంగానే ఆయన ముఖం వెలిగిపోతుండేది. మాకు వచ్చిన నష్టమల్లా ఒకటే, ఏ సినిమాకూ ముగింపు చూడలేదు.

చివరికి గీత గీశారు. మేం ఇవతలే ఉండిపోయాం.

మామగారు మంచం దిగలేదు. ఇన్నాళ్లూ ఇవాళో రేపో చేరిపోతాం, ఒట్టు తీరిపోతుందన్న ధీమాతో దొంగచాటుగా చూశారు. ఇక చేరేదే లేదు, ఒట్టు తీరేదీ లేదు. పాట మోగినా తల తిప్పలేదు. పళ్లెంలో అన్నం అలాగే ఎండిపోయేది. మనిషి చిక్కి సగమయ్యారు. ఇలాగే మాకు దక్కకుండా పోతారేమోనని భయపడ్డాను.

అలా ఉండగా టెంటులో టికెట్లు చించే తమిళాయన వెతుక్కుంటూ వచ్చాడు. "పెద్దాయనకు ఒంట్లో బాగాలేదా? ఆయన కేక లేక మా కత్తి యుద్ధాలన్నీ చప్పబడిపోయాయి. జనం అడుగుతున్నారు" అన్నాడు తమిళంలో.

అత్తమ్మ ఎదురుగానే నిలబడి ఉంది. మామగారి ముఖం పాలిపోయింది.

టికెట్లాయన వెళ్లాక అత్తమ్మ మంచం మీద కూర్చుంది. "ఏందయ్యా అట్లా చూస్తావు? గోడకు ఇవతల నేనూ ఉండాను, ఇన్నాళ్లూ."

మామగారు చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. "కర్పూరం ఆర్పి తప్పినాను. అందుకే ఊరు చెయ్యి జారిపోయింది."

"గీత గీసినోళ్లు నీ ఒట్టు చూసి గీసినారా? పాపమంటే నాకూ సగముండాది. లెయ్యి, పాట పెట్టినారు."

ఆయన వచ్చారు. గోడకు అటువైపు, దీపం వెలుగుతుండగానే, అందరికీ కనపడేలా కూర్చున్నారు.

కత్తి యుద్ధం వచ్చింది. వీరుడి వెనక శత్రువు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు. అటువైపు నుంచి మాట లేదు. టెంటంతా ఆయన కోసమే చూస్తోంది.

మగవాళ్ల ముందు ఏనాడూ గొంతు పెంచని అత్తమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"వెనక్కి చూడు నాయనా!"

టెంటులో తలలన్నీ ఇటు తిరిగాయి. అప్పుడు అటునుంచి, బొంగురుగా, "కత్తి ఎత్తు నాయనా, ఎత్తు!" అని వినిపించింది. ఈలలతో టెంటు దద్దరిల్లింది. నేను ఏడుస్తూ నవ్వాను.

మొదటిసారి సినిమా చివరిదాకా చూశాం. ముగ్గురం కలిసే ఇంటికి నడిచాం. సగం దారిలో మామగారు అత్తమ్మ వైపు తిరిగారు.

"ఏమ్మే, గుళ్లో పూజ బాగా జరిగిందా?"