సార్ రెండో జాగ

మా సార్ పోయారు. ఆరోజు పొద్దున వాళ్లావిడ, మా మేడం, ఫోన్ చేసి "మీ సార్ ఇగ లేడు బిడ్డా" అన్నారు. ఫోన్లోనే ఏడ్చేశాను. చివరికి ఆమే నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

సార్ ఓ బ్యాంకులో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద డేటాబేస్ చూసుకునేవారు. రిటైరయ్యాక ఆర్మూర్ వచ్చి పసుపు వేస్తూ, ఇంటి ముందుగదిలో మాలాంటి డిగ్రీ పిల్లలకు ఆ పని నేర్పారు. ఈరోజు నేను తింటున్న అన్నం ఆ గదిలో నేర్చుకున్న పని పెట్టిందే. చాయ్ మాత్రం ఘోరంగా పెట్టేవారు, అంతా అల్లమే. తాగితే గాని పాఠం మొదలయ్యేది కాదు.

ఆయనకు ఇష్టమైన పాఠం ఆర్కైవ్ లాగ్. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ లాగ్‌లో పడుతుంది. అది నిండగానే సిస్టం దాన్ని ఆర్కైవ్‌గా పక్కన రాసి పెడుతుంది. డేటా పాడైతే తిరిగి నిలబెట్టేది ఆ కాపీయే కాబట్టి రెండు కాపీలు రాయమని సెట్ చేస్తాం. కొత్తలో సార్ కూడా రెండని పెట్టి, రెండోది ఎక్కడ రాయాలో చెప్పే గడిని ఖాళీగా వదిలేశారట. అలా వదిలితే సిస్టం మొదటి చోటే రెండోదీ రాస్తుంది. ఆ డిస్కు చెడినప్పుడు రెండూ కలిసే పోయాయి. ఎవరి పెళ్లి ముచ్చటో చెబుతున్నట్టు నవ్వుతూ చెప్పేవారు. ఆఖర్న నవ్వు ఆపి అడిగేవారు:

"రెండు కాపీలు పెట్టినవ్, మంచిదే. రెండు జాగాలు పెట్టినవా?"

పసుపు తవ్వాక మా దిక్కు విత్తన కొమ్ములను నీడలో కుప్ప పోసి, పసుపాకు కప్పి, పైన మట్టీ పేడా కలిపి అలుకుతారు. మృగశిర కార్తెలో నాటేదాకా అవి అలాగే ఉంటాయి. సార్ వేసేది వాళ్లమ్మ నాటి విత్తనం, ఇంకెవరి దగ్గరా లేదు. అందుకని ఏటా ఓ సంచి ముప్కాల్‌లో మా ఇంటికి తెచ్చి, మా నాయనతో వేరే కుప్ప పోయించేవారు. సార్‌ది ఉత్త చాదస్తమని మా నాయన నవ్వేవాడు. ఇంతమంది శిష్యుల్లో మా ఇంటినే ఎంచుకున్నారని నాకు గర్వంగా ఉండేది.

ఈ ఎండాకాలమంతా సార్ దవాఖానలోనే ఉన్నారు. వాళ్లింటి కుప్పను పట్టించుకున్నవాళ్లు లేరు. కర్మకాండలయ్యాక మేడం విప్పితే కొమ్ములన్నీ కుళ్లిపోయి ఉన్నాయి. సార్ పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదు. అత్తమ్మ నాటి విత్తనం తన చేతుల్లోనే పోయిందని కుమిలిపోయారు. మా ఇంట్లో ఇంకో కుప్ప ఉందన్నాను.

"ఈయేడు యాడ తెచ్చిండు? నడవనే చాతగాలేదు గదా."

దవాఖానలో చేరేముందే ఆటోలో వచ్చారని చెప్పాను. దిగలేక దాంట్లోనే కూర్చుని, అలకడం అయ్యేదాకా చూసి వెళ్లారు. మేడంకు చెప్పొద్దన్నారు, తిడుతుందని.

మరునాడు ముప్కాల్‌లో మా నాయన కుప్ప విప్పాడు. మేడం దగ్గరికి వంగి చూశారు. కొమ్ములు గట్టిగా ఉన్నాయి, కొన్నింటికి మొలక కళ్లు కూడా వచ్చాయి. ఆమె ఒకదాన్ని విరిచి, పచ్చగా ఉన్న ఆ ముక్కను కళ్లకద్దుకున్నారు. మా నాయన సంచిలోకి ఎత్తుతుంటే సగమయ్యాక మేడం ఆయన చెయ్యి ఆపారు.

"సగం మీ చేన్లనే పెట్టుండ్రి అన్నా. ఆయనుంటే గట్లనే అంటుండె."

మొన్నటి వానకు మా చేనులో, బావి పక్క సాళ్లలో ఆ విత్తనం మొలిచింది. సూదుల్లా లేత మొలకలు. ఫొటో తీసి అలవాటుగా సార్ నంబరుకే పంపాను.