అక్క బదులు నేనూదిన రోజు

ఇంటిపనికి ఒమన్ వచ్చిన మొదటి వారంలోనే అక్క పాట విన్నాను. సమాయిల్‌లో మా మేడం ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. దాని అవతల ఎవరో తెలుగులో ఒక వరుస పాడి, ఆగి, మౌత్ ఆర్గాన్ ఊది, మళ్ళీ ఇంకో వరుస అందుకుంటున్నారు. తోముతున్న గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కడప వదిలాక ఏడవడం అదే మొదలు.

తర్వాత నేను అక్కా అని పిలుచుకున్న ఆమెది గోదావరి జిల్లా. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పక్కింట్లో వంటమనిషి. పన్నెండో ఏట నాటకాల కంపెనీలో పాడటం మొదలుపెట్టిందట. ఒకసారి హార్మోనియం ఆయన రాకపోతే, అన్న జేబులోని మౌత్ ఆర్గాన్ లాక్కుని, తనే ఊదుతూ తనే పాడుతూ ఆ పూట గట్టెక్కించిందట. నాటకాలు తగ్గాక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో పాడింది. భర్త పోయాక ఆరేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి ఇక్కడికి వచ్చింది.

ఇక్కడ సినిమా పాటలు మానేసి సొంతంగా కట్టుకునేది. “అన్నం వండితినే కూతురా, నీ కంచం నాకందదే” అని ఒక పాట ఉండేది. ఆ వరుస తర్వాత ఆమె ఊదే ఊదుడికి, తెలుగు ముక్క రాని మా మేడం కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఇక్కడివాళ్ళ పెళ్ళిళ్ళకి ఆడవాళ్ళు కూర్చునే చోట అక్క చేత వాయింపించేవారు. మస్కట్ రూవిలో మనవాళ్ళ పండగ సభల్లో కూడా రెండు మూడుసార్లు పాడింది. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మాది. చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసే మేం నలుగురైదుగురం ఆమె వంటగది వెనక చేరేవాళ్ళం. పంతొమ్మిదేళ్ళు ఇలా పాడింది. అందులో పదకొండేళ్ళు నేను విన్నాను.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున లేచేసరికి అక్క మూతి వంకరపోయింది. వాళ్ళ మేడం ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నరం దెబ్బతిందన్నారు. మందులు వాడింది, అద్దం ముందు కూర్చుని బుగ్గలు ఉబ్బించింది. మాట కొంత తేరుకుంది గానీ పెదవులు కలవలేదు. ఊదితే గాలి పక్కనుంచి పోయేది. పాటలో ‘అమ్మ’ అన్న మాట పలికేది కాదు.

కూతురు అప్పుడు నిండు నెలల్లో ఉంది. “ఇప్పుడు చెప్తే అది తట్టుకోలేదే,” అంది అక్క. ఫోన్‌లో కెమెరా పాడైందని వీడియో మానేసింది. మాట తేడాకి పన్నునొప్పి అని చెప్పింది.

మనవరాలు పుట్టిన కొన్నాళ్ళకి, ఒక శుక్రవారం కూతురు ఫోన్ చేసింది. వెనక పసిపిల్ల ఏడుస్తోంది.

“అమ్మా, ఇది అస్సలు ఊరుకోట్లేదు. చిన్నప్పుడు నాకు ఫోన్లో జోల ఊదేదానివి కదా, ఒక్కసారి ఊదవే.”

అక్క నా వైపు చూసింది. మౌత్ ఆర్గాన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నాకు రాదు కదక్కా, యెట్ల ఊదేది?” అన్నాను గుసగుసగా.

“రెండు ముక్కలూదు, సాలు.”

ఊదాను. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గాలి లోపలికి తీసుకోవాలో తెలియదు. అక్క పక్కన కూర్చుని వేళ్ళతో నా మోకాలి మీద తాళం వేస్తూనే ఉంది. నేను ఆపాను.

“పిల్ల పడుకుందమ్మా,” అంది కూతురు. ఫోన్ పెట్టేసింది.

అక్క తల దించుకుంది. “పడుకోలేదే. దాని ఏడుపు ఇనబడతానే ఉంది కదా,” అంది.

రెండు నెలలకి అక్క ఊరికి వెళ్ళిపోయింది. చేరిన రోజే కూతురు నాకు ఫోన్ చేసింది.

“పిన్నీ, ఆ రోజు ఊదింది నువ్వే కదా?”

“అవునమ్మా.”

“నాకప్పుడే తెలుసు. మా అమ్మ ఊపిరి నాకు తెలీదా? అడిగితే ఏం చెప్తాదోనని భయమేసి ఊరుకున్నాను.”

ఆ తర్వాత చాలాసార్లు నేనే ఫోన్ చేశాను. అక్క వినేదే గానీ ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక, “యెట్ల వచ్చినా పర్వాలేదు, ఒక్క వరుస పాడక్కా,” అన్నాను.

“నా పాట నేనే ఇనలేకపోతున్నానే, సెల్లీ,” అంది.

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.