బోర్డులమ్మ సైకిలెక్కింది

ఊళ్ళో అందరూ ఆమెను బోర్డులమ్మ అనే పిలిచేవారు. మందుల షాపు మీద పేరు, బడి గేటు మీద పేరు, రేవులో పడవల మీద నంబర్లు, అన్నీ ఆమె చేతిరాతే. ఒకప్పుడు ఊపిరి సలపనంత పని ఉండేది. తర్వాత ప్రింటు వేసిన ప్లాస్టిక్ బోర్డులు వచ్చి ఆమె పనికి ఎసరు పెట్టాయి. ముందుగదిలో టైలరు భర్త కుట్టుమిషను పొద్దస్తమానం టకటకలాడుతుంటే, వెనకగదిలో ఆమె బ్రష్షులు డబ్బాలో ఎండిపోతూ ఉండేవి.

అలాంటి రోజుల్లో పర్యాటక ఆఫీసు నుంచి కబురొచ్చింది. సైకిల్ యాత్రికుల కోసం కొత్త దారి ఒకటి తయారవుతోంది. లైట్‌హౌస్ దగ్గర మొదలై, సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగి, ఏరు కలిసే చోట అడవిలోకి మళ్ళి, కొండ ఎక్కి దిగి పాత రేవుకి చేరుతుంది. మలుపు మలుపుకీ బోర్డు కావాలి. ఉప్పుగాలికి ప్రింటు బోర్డులు పెచ్చులూడిపోతున్నాయి, చేత్తో రాసిన రేకులే నయమని ఆఫీసు ఇంజనీరు అనుకున్నాడు.

బోర్డులమ్మకి ప్రాణం లేచొచ్చింది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు, పక్కన బాణం గుర్తు. ఒక్కో రేకునీ కన్నబిడ్డకి తల దువ్వినట్టు దిద్దింది. మరిది వ్యానులో ఎక్కించుకుని వెళ్ళి, దగ్గరుండి పాతించింది. దారి మొదలైంది. పొరుగూళ్ళ నుంచి, దూరదేశాల నుంచి జనం రాసాగారు. సముద్రం మీద పొద్దు పొడవడం చూసుకుంటూ బయల్దేరి, మధ్యాహ్నానికి చెట్లనీడలో తొక్కుతూ వెళ్ళేవారు.

ఒకరోజు ఆమె ఏదో పని మీద ఆఫీసుకి వెళ్తే, అక్కడ బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని గటగటా నీళ్ళు తాగుతోంది. మోకాళ్ళ దాకా బురద. గోడకి ఆనించిన సైకిలు కూడా బురదలో ముంచి తీసినట్టుంది.

"కొండ దిగాక కుడివైపు తిరగాలట కదా. అక్కడ బోర్డే లేదు," అంటోంది ఆవిడ ఇంజనీరుతో.

బోర్డులమ్మకి చురుక్కుమంది. "ఎందుకు లేదమ్మా? నేనే దగ్గరుండి పాతించాను. తలుపంత బోర్డు!"

"ఉందేమోనమ్మా, నాకైతే కనబడలేదు. తిన్నగా పోయి చిత్తడినేలలో దిగబడ్డాను. సైకిలు మోసుకుంటూ బయటపడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

"మీరొక్కరే కాదండీ, ఇంకొంతమంది కూడా అక్కడే దారి తప్పారు," అన్నాడు ఇంజనీరు మెల్లగా.

పెద్దావిడ గొంతులో కోపం లేదు. బోర్డులమ్మ వైపు తిరిగి మామూలుగానే అడిగింది. "మీరెప్పుడైనా ఆ దారిలో సైకిలు మీద వెళ్ళారా?"

"లేదండీ," అంది బోర్డులమ్మ. అసలు తనకి సైకిలు తొక్కడమే రాదన్న మాట మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రమే మరిదిని లేవదీసి, వ్యానులో ఆ మలుపు దగ్గరికి వెళ్ళింది. బోర్డు నిక్షేపంలా ఉంది. అక్షరాలు తళతళలాడుతున్నాయి. "చూశావా? కళ్ళు నెత్తి మీద పెట్టుకుని పోతే తప్పు నాదా?" అంది. మరిది వదినతో వాదం పెట్టుకునే రకం కాదు, తలూపాడు. కానీ తిరిగొస్తున్నంతసేపూ ఆ పెద్దావిడ ప్రశ్న ఆమెను పంటి కింద రాయిలా బాధిస్తూనే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర అంది. "నేను సైకిలు నేర్చుకుంటాను."

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "మోకాళ్ళు కిర్రుమంటున్నాయని మొన్ననేగా నాచేత నూనె రాయించుకున్నావు?"

"ఆ నూనె మిగిలింది లెండి. సైకిలుకి పనికొస్తుంది."

కోడలు పక్కున నవ్వింది. ఆమె ఆస్పత్రిలో నర్సు, రోజూ డ్యూటీకి సైకిలు మీదే వెళ్తుంది. "నేను నేర్పిస్తాను అత్తయ్యా. కానీ ఒక్క షరతు, నా మాట వినాలి."

"ఈ ఇంట్లో ఎవరి మాట వినలేదే నేను?" అంది బోర్డులమ్మ. భర్త ఆగిన ముద్దని గబుక్కున నోట్లో పెట్టుకున్నాడు.

చేపల గోదాము వెనక ఖాళీ స్థలంలో పాఠాలు మొదలయ్యాయి. కోడలు సీటు వెనక పట్టుకుని పరుగెత్తేది. ఈమె హ్యాండిల్‌ని శత్రువు పీక పట్టుకున్నట్టు పట్టుకునేది. గోదాములో పనివాళ్ళు గోడ మీంచి తలలు పెట్టి వినోదం చూసేవారు.

"పట్టుకున్నావా?" అని అరిచింది ఒకరోజు.

"లేదు, వదిలేశాను!" అంది కోడలు దూరం నుంచి. ఆ మాట చెవిన పడీ పడగానే బోర్డులమ్మ దబ్బున పడింది.

"పట్టుకున్నానని ఒక అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయిందే?"

"మీకు అబద్ధం చెప్పి మనింట్లో ఎవరు నెగ్గుకొచ్చారు అత్తయ్యా?" అంటూ కోడలు లేపింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

మరోసారి పడ్డప్పుడు మాత్రం నవ్వు రాలేదు. కుడి మణికట్టు బెణికి, బూరెలా వాచింది. భర్తకి నిజంగానే కోపమొచ్చింది. "బ్రష్షు పట్టే చెయ్యి అది! అదే పోతే నీకింకేం మిగుల్తుంది? నిన్నెవరు తొక్కమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. కానీ నా బాణం చూసి పోవలసిన మనిషి బురదలోకి పోయింది. అది ఎందుకో తెలియకుండా ఇంకో బోర్డు ఎలా రాయను?"

ఆయన వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. వాపు తగ్గేదాకా ఆమె గోదాము వైపు వెళ్ళలేదు. మళ్ళీ బయల్దేరే రోజున చూస్తే, కొక్కేనికి ఆమె పాత కోటు వేలాడుతోంది. మోచేతుల దగ్గర మందంగా దూది పెట్టి, పైన గట్టి గుడ్డ వేసి కుట్టి ఉంది. ఆయన తలెత్తకుండా దారం ఎక్కించుకుంటున్నాడు. ఆమె కోటు తొడుక్కుని, ఆయన భుజం మీద ఒకసారి చెయ్యేసి, బయటికి నడిచింది.

కోడలికి సెలవు దొరికిన రోజున అత్తాకోడళ్ళిద్దరూ లైట్‌హౌస్ దగ్గర బయల్దేరారు. సముద్రం పక్కన ఎదురుగాలి. కళ్ళు సగం మూసుకుని తొక్కాల్సి వచ్చింది. ఒకచోట తన బోర్డు మీద ఎండ పడి అక్షరం ఒక్కటీ కనబడలేదు. అడవిలోకి మళ్ళగానే ఒళ్ళు చల్లబడింది. తడి ఆకుల వాసన, చెట్ల సందుల్లోంచి దూరంగా నీలం గీతలా సముద్రం. వ్యానులో ఇన్నిసార్లు వచ్చినా ఇవేవీ తను చూడలేదు. ఎక్కుడులో ఇద్దరూ దిగి, సైకిళ్ళు నెట్టుకుంటూ వెళ్ళి, కొండ మీద రొప్పుతూ నిలబడ్డారు.

తర్వాత దిగుడు. సైకిలు తనంతట తాను ఉరకలు వేసింది. ఆమె వేళ్ళన్నీ బ్రేకుల మీదే ఉన్నాయి, చూపంతా ముందున్న నేల మీదే ఉంది. వేరు వస్తోంది, గులకరాళ్ళు వస్తున్నాయి, గుంట వస్తోంది. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. చదును వచ్చాక హమ్మయ్య అనుకుని తలెత్తేసరికి ముందుచక్రం బురదలో కూరుకుపోయింది.

"అత్తయ్యా, బోర్డు చూడలేదా?" వెనక నుంచి కోడలు అరిచింది.

"ఏ బోర్డు?"

అని, తన మాట తనకే వినబడి, బోర్డులమ్మ బురదలో నిలబడిపోయింది. తన చేత్తో రాసి, తన కళ్ళముందే పాతించిన బోర్డు. దాని పక్కనుంచే దూసుకొచ్చింది.

మర్నాడు ఇంజనీరుకి జరిగింది జరిగినట్టు చెప్పింది. "దిగుడులో ఎవరూ తలెత్తరు బాబూ. అందరూ కొండ మీద ఆగుతారు. బోర్డు అక్కడుండాలి. దిగుడులో బాణం నేల మీదే రాయాలి."

"బాగుందండీ. కానీ మబ్బులు పట్టాయి, రంగు నిలవదు. వానలయ్యాక చేద్దాం."

"అప్పటిదాకా జనాన్ని బురదలో ముంచుదామా?"

అతను నవ్వి సరేనన్నాడు. తెరిపి దొరికిన ప్రతి ఉదయం ఆమె రంగుడబ్బా క్యారియర్‌కి కట్టుకుని వెళ్ళింది. మొదట రాసిన బాణాన్ని సాయంత్రం జల్లు కడిగేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది. ఈసారి దారిలో పరిచిన బండల మీది నాచుని ఇనపబ్రష్షుతో గీకి, పాత గుడ్డలతో పొడిగా తుడిచి రాసింది. పైన గొడుగు పట్టుకుని, చినుకుల చప్పుడు వింటూ, రంగు ఆరేదాకా గొంతుక్కూర్చుంది. నడుం పట్టేసింది కానీ ఆ బాణం నిలిచింది.

వానలు వెలిశాక సైకిళ్ళు మళ్ళీ బారులు తీరాయి. బురదలో దిగబడ్డామని ఆఫీసుకి వచ్చినవాళ్ళు లేరు. ఎండకి మెరిసే బోర్డుని కూడా ఆమె పక్కకి తిప్పించింది. మరుసటి ఏడాది, సముద్రానికి దూరంగా ఉన్న కొండల మీదుగా ఇంకో దారి అనుకుని, దాని బోర్డులూ ఆమెనే రాయమన్నారు. "ముందు తొక్కుతాను, ఆ తర్వాతే రాస్తాను," అంది.

ఇప్పుడు రెండు దారుల్లోనూ రంగు వెలిసిన చోటల్లా దిద్దుకుంటూ తిరుగుతోంది. తొక్కడం బాగానే అలవాటైంది, సైకిలు ఆపి దిగడం మాత్రం ఇంకా చేతకాదు. రోడ్డు పక్కన గట్టు కనబడితే దాని మీద కాలు ఆనించి దిగుతుంది. గట్టు లేకపోతే, వచ్చేదాకా తొక్కుతూనే ఉంటుంది.