మౌనానికి నేను పెట్టిన టిక్కులు

1979 జూన్‌లో బెంగళూరు శివార్లలో, పీణ్య కార్ఖానాలు దాటాక ఉన్న ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను. అక్కడ మార్కులు లేవు, ర్యాంకులు లేవు. చదువంటే తలకాయ ఒక్కటే కాదు, చేతులూ మనసూ కూడా అని మా ప్రిన్సిపల్ నమ్మకం. అందుకని పిల్లలు మట్టి తవ్వేవాళ్లు, పాడేవాళ్లు, లెక్కలూ చేసేవాళ్లు. పొద్దున్నే పది నిమిషాలు ‘సైలెన్స్’, అంటే ఏ మతం ప్రార్థనా కాకుండా ఊరికే కళ్లు మూసుకుని కూర్చోవడం. ఒకరితో ఒకరిని పోల్చకూడదన్నది అన్నిటికంటే పెద్ద నియమం.

నేనేమో గుంటూరులో ట్రైనింగ్ అయి, రెండేళ్లు పేపర్లు దిద్దినదాన్ని. మార్కుల్లేని క్లాసులో నాకు కాలు నిలిచేది కాదు. ఎవరు బాగున్నారో ఎలా తెలుస్తుంది? చెయ్యి ఊరుకోక, అటెండెన్స్ రిజిస్టర్ వెనక పేజీలో పేర్లు రాసుకుని, సైలెన్స్‌లో కదలనివాళ్లకు టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదేళ్ల సరళకు ఒక్క టిక్కూ పడలేదు. కళ్లు తెరిచేది, జడ లాక్కునేది, కిటికీలోంచి బయటికి చూసేది. టర్మ్ చివర ‘అబ్జర్వేషన్ నోట్’ అని, మార్కుల బదులు పిల్లల గురించి ఇంటికి రాసి పంపేవాళ్లం. సరళ నోట్‌లో “మౌనంలో వెనకబడింది” అని రాశాను. రాసి తృప్తిపడ్డాను కూడా.

నోట్ పంపిన నాలుగో రోజు వాళ్ల నాన్న వచ్చాడు. చిక్కపేటలో చీరల అంగడి ఆయనది. జేబులోంచి ఒక చీర అంచు ముక్క తీసి నా బల్ల మీద పెట్టాడు.

“ఇదేందనుకుంటిరి మిస్? మా పాప దీన్ని కండ్లకు కట్టుకోని అంగట్లో మూల కూచుంటాది. పిలిస్తే పలకదు, అన్నానికి లేయదు. ‘దీంట్లో కూడా ఫెయిలంట నాయనా, ప్రాక్టీస్ చేస్తాండా’ అంటాది.”

నేను ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాను.

“రెండు ఇస్కూళ్లలో ఫెయిలని తోసేసినారు. ఈడ మార్కులుండవంటే ఇంత దూరం పంపిస్తాండా. ఈడా అదే అయితే రేపట్నించి పంపేది లేదు.”

“ఒక్క వారం చూడండి. తప్పు పాపది కాదు, నాది” అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు టిక్కుల సంగతి పిల్లలకే చెప్పి, వాళ్ల ముందే ఆ పేజీ చింపేశాను. రోజూ గోడవారగా నిలబడి కాపలా కాసే నేను మొదటిసారి వాళ్ల మధ్య చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. రెండు నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కాయి. వీపు దురద. సాయంత్రం బస్సు గుర్తొచ్చింది. కళ్లు తెరిస్తే సరళ నన్నే చూస్తోంది.

గంట కొట్టాక దగ్గరికొచ్చింది. “మిస్, మీరు శానా కదిలినారు.”

“అవునమ్మా. నాకు చేతకాలేదు.”

గొంతు తగ్గించి అడిగింది: “అయితే మీ నాయనకూ చీటీ పోతాదా?”

నవ్వబోయి ఏడ్చేశాను.

సరళ ఏడో క్లాసు దాకా అక్కడే చదివింది. ఒక్కరోజూ కదలకుండా కూర్చోలేదు. నేనూ అంతే. మార్కులు తీసేసిన బడిలోకి వాటిని మోసుకొచ్చింది నేనేనని ఆ పిల్ల వల్ల తెలిసింది. ఇప్పటికీ పిల్లల్ని చూడగానే ఎవరు ముందు, ఎవరు వెనక అని చెయ్యి లాగుతుంది. అప్పుడు పెన్ను కింద పెట్టి, ముందు నేను కళ్లు మూసుకుంటాను.